బాలీమనీకి యాభైవేల మంది ఎందుకొచ్చారు? జోయీ డన్‌లప్ కథ

[స్క్రీన్ మీద: ఉత్తర ఐర్లాండ్ మ్యాప్, పైన బాలీమనీ దగ్గర ఎర్ర చుక్క]

2000 జూలై 7. ఉత్తర ఐర్లాండ్‌లో బాలీమనీ అని ఒక చిన్న ఊరు, అప్పటికి జనాభా పదివేలు కూడా లేదు. ఆ రోజు ఆ ఊరి దగ్గరున్న గ్యారీడఫ్ చర్చికి ఒక శవపేటిక బయల్దేరితే, ఆ అంతిమయాత్రకు యాభైవేల మంది వచ్చారు. ఐర్లాండ్ మొత్తం నుంచి వచ్చారు, సముద్రం దాటి ఇంగ్లండ్, స్కాట్లండ్ నుంచి బైకుల మీద వచ్చారు. టీవీలో లైవ్ ఇచ్చారు. పోయినాయన మంత్రి కాదు, సినిమా హీరో కాదు. ఊళ్ళో బార్ నడుపుకుంటూ, తన బైకులు తనే విప్పుకుని బిగించుకుంటూ, వాటిని వ్యాన్‌లో ఎక్కించుకుని రేసులకు తిరిగే మనిషి. పేరు జోయీ డన్‌లప్, వయసు 48.

డన్‌లప్ అనగానే మనవాళ్ళకి టైర్లు గుర్తొస్తాయి కదా, ఇందులో టైర్ల సంగతేమీ లేదు. ఫార్ములా వన్ చూసేవాళ్ళకి సెన్నా తెలుసు, షూమాకర్ తెలుసు, మోటో జీపీ చూసేవాళ్ళకి రోసీ తెలుసు, కానీ జోయీ పేరు మన దగ్గర వినిపించడం తక్కువ. అందుకే ముందు ఆయన నడిపిన రేసు ఎలాంటిదో చెప్పుకుందాం, అది అర్థం కాకపోతే జనం ఆయన్ని ఎందుకంత తలుచుకుంటారో కూడా అర్థం కాదు.

[స్క్రీన్ మీద: ఐల్ ఆఫ్ మ్యాన్ మ్యాప్, రేసు దారి గీత]

ఐర్లాండ్‌కీ ఇంగ్లండ్‌కీ మధ్య సముద్రంలో ఐల్ ఆఫ్ మ్యాన్ అనే దీవి ఉంది. 1907 నుంచి అక్కడ టీటీ (టూరిస్ట్ ట్రోఫీ) పేరుతో బైక్ రేసులు జరుగుతున్నాయి, ఒక్కో ఏడాది ఇంజన్ సైజుని బట్టి వేర్వేరు రేసులుంటాయి. 2023లో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల రేసు పెట్టినప్పుడు రోడ్డు పొడుగునా కాంక్రీటు గోడలు, వాటి మీద ఇనుప కంచెలు ఎలా కట్టారో చూశారు కదా. టీటీలో ఆ గోడలుండవు. రోజూ పాలవ్యాన్లు, స్కూల్ బస్సులు తిరిగే రోడ్డునే కాసేపు మూసేసి బైకులు వదుల్తారు. పక్కన ఇళ్ళ ప్రహరీలు, రాతి గోడలు, కరెంటు స్తంభాలు, చెట్లు. ఒక్క లాప్ 60.7 కిలోమీటర్లు, అంటే దాదాపు హైదరాబాద్ నుంచి సంగారెడ్డి వెళ్ళినంత దూరం, మధ్యలో రెండు వందలకు పైగా మలుపులు, ఒక కొండ. అందరూ ఒకేసారి బయల్దేరరు, పది సెకన్లకొకరు చొప్పున వెళ్తారు, పోటీ అంతా గడియారంతోనే. ఈ దారి మీద ఇప్పటిదాకా ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు 250 మందికి పైనే.

ఇలాంటి చోట జోయీ 26 సార్లు గెలిచాడు. మొదటిది 1977లో, చివరిది 2000లో. 23 ఏళ్ళ తేడా. దీనికి తోడు 1982 నుంచి 1986 దాకా వరసగా ఐదేళ్ళు టీటీ ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్ (ఇది కార్ల ఫార్ములా వన్ కాదు, బైకులది).

అంకెలు ఇంతటితో ఆపేస్తాను, నిజం చెప్పాలంటే జోయీ అభిమానుల్ని కదిపితే అంకెల దాకా రారు. వాళ్ళు మొదట చెప్పేది 1980 టీటీలో క్లాసిక్ అనే రేసు గురించి.

ఆ ఏడాది మే నెలలోనే నార్త్ వెస్ట్ 200 అనే రేసులో జోయీ బావ మెర్విన్ రాబిన్సన్ చనిపోయాడు. మెర్విన్, జోయీ, జోయీ తమ్ముడు జిమ్, స్నేహితుడు ఫ్రాంక్ కెనడీ, ఈ నలుగురూ ఒక జట్టుగా రేసులకు తిరిగేవాళ్ళు. ఫ్రాంక్ కూడా అంతకు ఏడాది ముందు అదే నార్త్ వెస్ట్‌లో కిందపడి, ఆ దెబ్బలతోనే పోయాడు. అలాంటి సమయంలో, కొన్ని వారాలకే, జోయీ యమహా బైక్ వేసుకుని టీటీకి వెళ్ళాడు. ఎదురుగా హోండా ఫ్యాక్టరీ టీమ్, బోలెడంత డబ్బు, మెకానిక్కుల దండు. రేసు మధ్యలో జోయీ బైక్‌కి పెట్రోల్ ట్యాంకుని పట్టి ఉంచే పట్టీ తెగిపోయింది. అసలే పెద్ద ట్యాంకు, దాని నిండా పెట్రోలు. ఒక్కసారి ఊహించుకోండి, గంటకు రెండు వందల కిలోమీటర్ల పైన వెళ్తున్నారు, బ్రేక్ వేసినప్పుడల్లా ట్యాంకు ముందుకొస్తోంది, మలుపు తిరిగినప్పుడల్లా పక్కకి జారుతోంది, చేతులు హ్యాండిల్ మీంచి తియ్యడానికి లేదు. జోయీ దాన్ని మోకాళ్ళతో అదిమి పట్టుకుని అలాగే తోలాడు. గెలిచాడు, పైగా లాప్ రికార్డు కూడా కొట్టాడు. మరుసటి ఏడాదికి హోండా వాళ్ళే పిలిచి తమ టీమ్‌లో పెట్టుకున్నారు.

ఫ్యాక్టరీ టీమ్‌లో చేరాక కూడా మనిషి మారలేదు. స్పానర్ వదల్లేదు. ఇంటర్వ్యూ అంటే తప్పించుకు తిరిగేవాడు, మైకు ముందు పెడితే రెండు ముక్కలు గొణిగి, సిగరెట్ ముట్టించుకుని, మళ్ళీ బైక్ పక్కన కూర్చునేవాడు. పసుపు హెల్మెట్, లోపల ఎర్ర టీ షర్ట్, ఈ రెండూ లేకుండా రేసుకి దిగేవాడు కాదు, సెంటిమెంట్. స్పాన్సర్ల కోసం నవ్వడం, కెమెరాకి పోజులు ఇవ్వడం ఇవేవీ ఆయనకు చేతకాలేదు, నాకైతే అదే నచ్చుతుంది.

1985లో ఇంకో సంగతి. టీటీకి వెళ్ళడానికి ఫ్యాన్సీగా విమానం ఎక్కకుండా, ఎప్పట్లాగే స్నేహితులతో కలిసి చేపల పడవలో బయల్దేరాడు. ఆ పడవ రాత్రిపూట స్ట్రాంగ్‌ఫర్డ్ లాక్ అనే సముద్రపు పాయ దగ్గర మునిగిపోయింది. అందరినీ కాపాడారు. ప్రాణం దక్కింది చాలనుకుని ఎవరైనా ఇంటికెళ్ళి పడుకుంటారు. ఈయన దీవికి వెళ్ళి అదే టీటీలో మూడు రేసులు గెలిచాడు.

[కాస్త విరామం. నలుపు తెలుపు వీధి ఫోటోలు]

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆ యాభైవేల మందిలో ఎవరెవరున్నారు అన్నది ముఖ్యం.

ఉత్తర ఐర్లాండ్‌లో 1960ల చివరి నుంచి 1998లో శాంతి ఒప్పందం కుదిరేదాకా ముప్పై ఏళ్ళు బాంబులు, తుపాకులు, సైన్యం గస్తీ. 3,500 మందికి పైగా చనిపోయారు. ప్రొటెస్టెంట్లు ఎక్కువగా ఒక పక్క, కాథలిక్కులు ఒక పక్క. వీధి అంచు రాళ్ళకి వేసిన రంగులు చూసి ఇది ఎవరి పేటో చెప్పొచ్చు, ఎరుపు తెలుపు నీలం అయితే ఒకరిది, ఆకుపచ్చ తెలుపు నారింజ అయితే ఇంకొకరిది. పేరు చెప్తే చాలు, ఏ స్కూల్లో చదివావంటే చాలు, అవతలివాళ్ళకి నువ్వెవరో తెలిసిపోతుంది. మనకి ఇది మరీ అర్థం కాని విషయమేం కాదు కదా.

జోయీ ప్రొటెస్టెంట్ కుటుంబంలో పుట్టాడు. కానీ రాజకీయాల జోలికి, మతాల జోలికి ఎప్పుడూ పోలేదు. రేసు రోజున రోడ్డు పక్క గడ్డిలో కూర్చుని పసుపు హెల్మెట్ ఎప్పుడొస్తుందా అని మెడలు చాచి చూసేవాళ్ళలో రెండు వైపులవాళ్ళూ ఉండేవాళ్ళు. ఉత్తరాన ఎంత అభిమానమో, దక్షిణాన ఐర్లాండ్ రిపబ్లిక్‌లోనూ అంతే. శాంతి ఒప్పందం జరిగి రెండేళ్ళే అయింది, పైగా ఏటా జూలై మొదట్లో ఊరేగింపుల గొడవలతో అక్కడ టెన్షన్ ఎక్కువగా ఉండే రోజులు. సరిగ్గా అప్పుడు ఆ రెండు వైపులా ఒకే అంతిమయాత్రలో నడిచారు. ఆటగాడు జనాన్ని కలిపేశాడు, గొడవలన్నీ ఆగిపోయాయి అని నేను చెప్పను, అలా ఏమీ ఆగలేదు. ఆ ఒక్క రోజు ఒకే రోడ్డు మీద నడిచారు, అంతవరకే. అదే అక్కడివాళ్ళకి చాలా పెద్ద సంగతి.

ఇంకొకటి ఉంది. రేసులు లేని రోజుల్లో జోయీ అదే వ్యాన్‌లో బైకులు దించేసి, తిండి సామాన్లు, బట్టలు లాంటివి నింపుకుని రొమేనియా వెళ్ళేవాడు. అక్కడి అనాథాశ్రమాల పిల్లల కోసం. తర్వాత బోస్నియా, అల్బేనియా. చాలాసార్లు ఒక్కడే, రాత్రీ పగలూ తోలుకుంటూ, వ్యాన్‌లోనే పడుకుంటూ. పత్రికలవాళ్ళని పిలిచింది లేదు, ఫోటోలు దిగింది లేదు. ఈ సేవకే 1996లో బ్రిటన్ ప్రభుత్వం ఓబీఈ ఇచ్చింది. బిరుదు వచ్చాకే చాలామంది అభిమానులకి ఈ ప్రయాణాల సంగతి పూర్తిగా తెలిసింది. ఇప్పుడైతే అరటిపండు పంచినా రీల్ చేసి పెడుతున్నాం.

[స్క్రీన్ మీద: 2000 జూన్]

2000 జూన్‌లో టీటీ. అప్పటికి జోయీకి 48 ఏళ్ళు, ఐదుగురు పిల్లల తండ్రి. పెద్ద రేసయిన ఫార్ములా వన్ టీటీ గెలిచి 12 ఏళ్ళయింది. ఇక చిన్న బైకులకే పరిమితం అనుకున్నారు అందరూ. హోండా ఆయనకో కొత్త వీ ట్విన్ (రెండు సిలిండర్ల ఇంజన్) బైక్ ఇచ్చింది. తనకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడైన డేవిడ్ జెఫ్రీస్ గట్టి పోటీ ఇచ్చాడు, చివరికి జెఫ్రీస్ బైక్ మొరాయించింది, జోయీ గెలిచాడు. అదే వారంలో 250 సీసీ, 125 సీసీ రేసులు కూడా గెలిచాడు. వారం చివర సీనియర్ అనే పెద్ద బైకుల రేసులో మూడో స్థానమే వచ్చింది కానీ, తన జీవితంలోనే అత్యంత వేగమైన లాప్ అందులోనే తోలాడు: సగటున గంటకు 123.87 మైళ్ళు, అంటే 199 కిలోమీటర్లు. 48 ఏళ్ళ వయసులో.

ఆ తర్వాత మూడు వారాలకి, ఎప్పట్లాగే వ్యాన్‌లో బైకులు వేసుకుని ఎస్టోనియా వెళ్ళాడు. రాజధాని టాలిన్ శివార్లలో చెట్ల మధ్య ఒక రోడ్డు సర్క్యూట్ ఉంది. అది పెద్ద పేరున్న రేసేమీ కాదు, కొన్నాళ్ళు హడావుడి లేకుండా రేసు చేసుకోవచ్చని ఆయన వెళ్ళే చోట్లలో ఒకటి. జూలై 2న రెండు రేసులు గెలిచాడు. మూడోది 125 సీసీ. వాన పడుతోంది. ముందు నడుస్తుండగా బైక్ జారి చెట్లకు కొట్టుకుంది. అక్కడికక్కడే ప్రాణం పోయింది.

ఆ చోట ఇప్పుడొక స్మారకం ఉంది. ఐర్లాండ్ నుంచి, బ్రిటన్ నుంచి బైకర్లు అంత దూరం వెళ్ళి చూసి వస్తుంటారు.

[స్క్రీన్ మీద: విగ్రహం ఫోటో]

సొంతూరు బాలీమనీలో ఆయన పేరున ఒక తోట కట్టారు, అందులో ఆయన విగ్రహం. ఐల్ ఆఫ్ మ్యాన్‌లో కొండ మీద బంగళా అనే మలుపు దగ్గర హోండా బైక్ మీద కూర్చున్న విగ్రహం ఇంకోటి, రోడ్డు వైపు చూస్తూ ఉంటుంది. రేసు దారిలో 26వ మైలురాయికి జోయీస్ అని పేరు పెట్టారు, 26 గెలుపులు కదా, అందుకని. ప్రతి టీటీలో అన్ని రేసుల్లో కలిపి ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నవాళ్ళకి ఇచ్చే ట్రోఫీకి కూడా ఆయన పేరే. వీటన్నిటికంటే నాకు నచ్చింది బ్రాడన్ బ్రిడ్జ్ హౌస్. జోయీ పేరుతో ఉన్న ఫౌండేషన్ ఐల్ ఆఫ్ మ్యాన్‌లో నడుపుతున్న వసతిగృహం అది, వికలాంగులైన సందర్శకుల కోసం. రొమేనియాకి వ్యాన్ తోలుకెళ్ళిన మనిషికి విగ్రహం కంటే ఇదే సరిపోతుంది.

ఇక చెప్పడానికి కష్టంగా ఉండే భాగం. జోయీ పోయాక డన్‌లప్ కుటుంబం రేసులు మానలేదు. తమ్ముడు రాబర్ట్ 2008 మే నెలలో నార్త్ వెస్ట్ 200 ప్రాక్టీస్‌లో చనిపోయాడు. రెండు రోజుల తర్వాత అదే చోట రాబర్ట్ కొడుకు మైఖేల్ రేసులో దిగి గెలిచాడు. 2018లో రాబర్ట్ ఇంకో కొడుకు విలియం డబ్లిన్ దగ్గర స్కెరీస్ రేసు ప్రాక్టీస్‌లో పోయాడు. జోయీ, రాబర్ట్, విలియం ముగ్గురి సమాధులూ గ్యారీడఫ్ చర్చి దగ్గరే ఉన్నాయి.

ఇది చూసి "ఇంకా ఎందుకు ఈ రేసులు, ఆపేయొచ్చుగా" అని అడిగేవాళ్ళున్నారు, వాళ్ళ మాటలో న్యాయం ఉంది. జోయీని చంపిన ఆటనే జోయీ పేరు మీద పండగలా చేసుకోవడమేంటని నాకూ అప్పుడప్పుడు అనిపిస్తుంది. అభిమానుల్ని అడిగితే, ఆయనకి తెలియకుండా జరిగింది కాదు కదా, బావ పోయినా, స్నేహితుడు పోయినా తెలిసే వెళ్ళాడు అంటారు. అది జవాబు అవునో కాదో మీరే చూసుకోండి, నాకైతే పూర్తిగా సరిపోలేదు.

2024 జూన్‌లో మైఖేల్ తన 27వ టీటీ గెలిచి పెదనాన్న రికార్డు దాటేశాడు. 24 ఏళ్ళు ఎవరూ ముట్టుకోలేని అంకె. జోయీ అభిమానులు కాస్త నొచ్చుకుంటారేమో అనుకున్నవాళ్ళున్నారు, అంత లేదు. మన ఇంటి పిల్లాడే కదా అన్నట్టు సంబరపడ్డారు. నంబర్ వన్ ఇప్పుడు మైఖేలే అని ఒప్పుకుంటూనే, బాలీమనీ తోటలో జోయీ దగ్గరికి మామూలుగానే వెళ్తున్నారు. అందుకే మొదట్లో అంకెలు ఆపేస్తానన్నాను.

మీలో యూకేలోనో ఐర్లాండ్‌లోనో ఉన్న తెలుగువాళ్ళు ఎవరైనా టీటీకి వెళ్ళాలనుకుంటే ఒక్క మాట: పడవ టికెట్లు, గదులు నెలల ముందే అయిపోతాయి, ముందుగా చూసుకోండి. జోయీ విగ్రహం దగ్గర కూర్చుని రేసు చూడాలంటే రోడ్డు మూసేలోపే కొండ ఎక్కేయాలి, మూశాక రేసు అయ్యేదాకా ఆ రోడ్డు మీద దిగడం కుదరదు, కొండ మీద చలి కూడా గట్టిగానే ఉంటుంది, జాకెట్ పట్టుకెళ్ళండి. టీటీ రోజుల్లో కొండ దారి మామూలు వాహనాలకి వన్ వే, ఎదురు వెళ్ళకండి.

వచ్చే వీడియో రాబర్ట్ గురించి. 1994లో ఆయన బైక్ వెనక చక్రం రేసు మధ్యలో విరిగిపోతే ఏం జరిగింది, ఆ దెబ్బల తర్వాత మళ్ళీ బైక్ ఎలా ఎక్కాడు, అది చూద్దాం. ఈలోపు జోయీ రేసులు ఎప్పుడైనా చూసినవాళ్ళుంటే కామెంట్లలో రాయండి, ముఖ్యంగా 2000 టీటీ చూసినవాళ్ళు.