మన్యంలో కాఫీ: ఎకరాల లెక్క, గింజల లెక్క

సభకు నమస్కారం.

అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాలు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి దగ్గరలో ఉన్నాయి. పటం చూసి చెప్పమంటే ఎవరైనా వాటిని ఉష్ణమండలంలోనే చేరుస్తారు. కానీ సముద్రమట్టానికి 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తు ఆ నేలకు ఉపోష్ణ మండలపు వాతావరణాన్ని ఇచ్చింది. డిసెంబరులో కూడా విశాఖపట్నంలో పలుచటి చొక్కాతో తిరిగే మనిషి లంబసింగి చేరేసరికి దుప్పటి వెతుక్కుంటాడు. ఇక్కడ పండే అరబికా రకం కాఫీ మొక్క కోరుకునేది ఈ చల్లదనాన్నే, అదీ ఒక హద్దు వరకే. బ్రెజిల్‌లోని పరానా రాష్ట్రంలో 1975 జూలైలో గడ్డకట్టిన మంచుకు కాఫీ తోటలు దాదాపు పూర్తిగా మాడిపోయాయి. ఆ తరువాత అక్కడి భూముల్లో చాలా భాగం సోయా సాగుకు మళ్ళింది. మన మన్యంలో కాఫీ చెట్ల నీడలో పెరుగుతుంది. ఎండ నుంచీ చలి నుంచీ కూడా ఆ నీడే మొదటి రక్షణ.

తూర్పు కనుమల్లో కాఫీ కథ 1898లో తూర్పు గోదావరి ప్రాంతపు పాములేరు లోయలో ఆంగ్లేయుల చేతుల మీదుగా మొదలైందని చెబుతారు. 1960లలో అటవీశాఖ రిజర్వు అడవుల్లో వేసిన తోటలు 1985లో అటవీ అభివృద్ధి సంస్థకు బదిలీ అయ్యాయి. అయితే నేను ఈ రోజు మాట్లాడదలచింది ఆ తోటల గురించి కాదు, గిరిజన కుటుంబాల సొంత తోటల గురించి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, కాఫీ బోర్డు, పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ కలిసి, కొండవాలు మీద అడవి కొట్టి, కాల్చి, రెండు మూడు పంటలు తీసుకొని మరో చోటికి వెళ్ళే పోడు వ్యవసాయానికి బదులుగా ఈ పంటను ముందుకు తెచ్చాయి. నేడు రెండు లక్షలకు పైగా గిరిజన కుటుంబాలకు ఇది ఆదాయం. ఒక్కొక్కరి కమతం సగటున ఒక ఎకరం మాత్రమే. ప్రపంచంలో పెద్ద ఎస్టేట్లతో ఎదిగిన కాఫీ ప్రాంతాలకూ మనకూ ఉన్న అసలు తేడా ఇక్కడే ఉంది.

ఇప్పుడు నన్ను చాలాకాలంగా ఇబ్బంది పెడుతున్న ఒక లెక్క చెబుతాను. దేశంలోని కాఫీ విస్తీర్ణంలో దాదాపు అయిదో వంతు, అంటే సుమారు లక్ష హెక్టార్లు, ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. దేశమంతటా ఏటా పండే సుమారు మూడున్నర లక్షల టన్నుల్లో మన వాటా మాత్రం 12 వేల టన్నుల దరిదాపుల్లోనే ఉంటోంది, అంటే నూటికి నాలుగు కూడా కాదు. కర్ణాటక పంటలో ఎక్కువ భాగం దిగుబడి హెచ్చుగా ఇచ్చే రోబస్టా రకమనీ, మన తోటల్లో చాలా వాటికి ఇంకా పూర్తి కాపు రాలేదనీ ఒప్పుకుంటాను. ఈ రెండింటినీ తీసివేసినా మిగిలే తేడా చిన్నది కాదు. మొక్కలు పంచినప్పుడు ఎకరాలు నివేదికకెక్కుతాయి. నాలుగో ఏడు ఆ మొక్క ఏ స్థితిలో ఉందో చెప్పే గడి ఆ నివేదికలో ఉండదు.

ఆ నాలుగేళ్ళే కీలకం. కాఫీ మొక్క నాటిన తరువాత మూడు నాలుగు ఏళ్ళ దాకా చెప్పుకోదగ్గ కాపు ఇవ్వదు. అంతకాలం ఆ ఇల్లు ఎలా గడవాలన్నది ఉద్యాన శాస్త్రం ఒక్కటే తేల్చే ప్రశ్న కాదు. గుంతలు తవ్వడానికీ మొక్కలు నాటడానికీ ఉపాధి హామీ కూలి అందినచోట తోటలు నిలిచాయి. నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ మీదికి మిరియాల తీగ పాకించడం మరో ఊతం, ఎందుకంటే కాఫీ ధర పడిపోయిన ఏడాది మిరియాలే ఇంటిని ఆదుకుంటాయి. కానీ నీడకూ కొలత ఉంది. కొమ్మలు నరకక వదిలేస్తే తోట చీకటి గుహలా మారి, మొక్క ఆకు పెంచుతుందే తప్ప పూత పూయదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఇదే సిల్వర్ ఓక్ చెట్లను వేళ్ళతో పెకలించి కాఫీ మొక్కల మీద పడేసింది. ఒకే జాతి నీడచెట్టు మీద ఆధారపడడం ఎంత ప్రమాదమో ఆ ఒక్క తుపాను చూపింది. పనస, నేరేడు వంటి స్థానిక చెట్లను కలిపి పెంచాలని అప్పటి నుంచి అంటూనే ఉన్నాం. నర్సరీల్లో మాత్రం ఇప్పటికీ సిల్వర్ ఓకే తేలికగా దొరుకుతుంది.

దిగుబడి కంటే కూడా నాణ్యత దగ్గర మనం ఎక్కువ పోగొట్టుకుంటున్నాం. పండు కోసిన రోజే పల్పర్ యంత్రంలో తోలు తీసి, గింజను ఒకటి రెండు రోజులు పులియబెట్టి, కడిగి, తేమ పదకొండు శాతానికి దిగేదాకా ఆరబెడితే అది పార్చ్‌మెంట్. పండును తోలుతోనే ఎండబెడితే అది చెర్రీ, దాని ధర తక్కువ. ఇది తెలియక రైతు చెర్రీ చేస్తున్నాడనుకోవడం పొరపాటు. కోత నవంబరు నుంచి జనవరి దాకా సాగుతుంది. వరి కోతలూ అప్పుడే. పండిన వాటిని మాత్రమే ఏరుతూ నాలుగైదు విడతలు తోటకు వెళ్ళే మనుషులు ఆ ఇంట్లో ఉండరు. పల్పర్ ఉన్నచోట కడగడానికి నీరుండదు. పైగా సంక్రాంతి ముందు చేతిలో డబ్బు కావాలి, షావుకారు సంతలోనే నగదు ఇస్తాడు. అందుకే పచ్చివీ పండినవీ కలిపి ఒకేసారి దూసి అమ్మేస్తారు. ఆ స్థితిలో ఉంటే నేనూ అదే చేస్తాను.

దీనికి విరుగుడు మనకు తెలియనిది కాదు. ఊరికి దగ్గరగా తక్కువ నీటితో నడిచే పల్పింగ్ యూనిట్, పండు అప్పగించిన రోజే కొంత సొమ్ము, మిగిలింది నాణ్యత తేలాక. ఈ పద్ధతి నడిచిన సహకార సంఘాల కాఫీ 2017లో పారిస్‌లో తెరిచిన దుకాణం దాకా వెళ్ళింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పేరు ఇప్పుడు అందరికీ తెలుసు. అయితే సంతలో కలగలుపు చెర్రీ అమ్మిన రైతుకు ఆ పేరు వల్ల కిలోకు ఎంత అదనంగా దక్కిందో అడిగితే, జవాబు చెప్పడానికి చాలామంది తడుముకుంటారు.

చివరగా కాయతొలుచు పురుగు సంగతి. మన దేశంలో దీన్ని మొదట 1990లో నీలగిరి ప్రాంతపు గూడలూరులో గుర్తించారు. ముప్ఫై అయిదేళ్ళ పాటు మన మన్యం దాకా రాలేదు. 2025 ఆగస్టులో అరకు లోయ మండలం చినలబుడు ప్రాంతంలో కనబడింది. సోకిన తోటల్లో కాయలు దులిపించి, వేడినీటిలో ముంచి, పూడ్చిపెట్టించారు. రైతులకు పరిహారమూ ప్రకటించారు. మొదటి అడుగు సరైనదే. అయితే ఈ పురుగు గింజలోనే గుడ్లు పెట్టి, గింజలోనే పెరుగుతుంది కనుక పైన చల్లిన మందు దానికి అంతగా తగలదు. కోత అయ్యాక చెట్టున మిగిలిన కాయల్లో, నేల రాలిన కాయల్లో దాక్కొని మరుసటి పంట కోసం కాచుకుంటుంది. కాబట్టి ఫిబ్రవరి, మార్చి నెలల్లో ప్రతి తోటలోనూ వంగి, చివరి కాయ దాకా ఏరాలి. అలా ఏరిన కాయలకు మార్కెట్లో ధర ఉండదు, అందువల్ల ఆ పనికి కూలి ఎవరో ఒకరు కట్టాలి. మొక్కలు నాటడానికి కూలి ఇచ్చిన ప్రభుత్వం రాలిన కాయలు ఏరడానికి కూడా ఇవ్వాలని, పక్క తోట ఏరకపోతే మన తోట ఏరినా ప్రయోజనం లేదు కనుక దాన్ని ఊరుమ్మడి పనిగా గుర్తించాలని, వచ్చే కోత ముగిసేలోపే ఈ నిర్ణయం జరగాలని ఈ సభ ద్వారా కోరుతున్నాను.