గోడ కట్టే ముందు టేపు పట్టుకోండి

అందరికీ నమస్తే. కాలనీ మీటింగ్‌లో ప్రహరీ గోడల గురించి మాట్లాడమని పిలిస్తే నాకు నవ్వొచ్చింది. ముప్పై ఏండ్లు ఈ నల్లగొండలో ప్లాన్లు గీసి, సైట్లు కొలిచిన నేనే నా సొంత ఇంటి గోడ దగ్గర తప్పు చేశాను. ఆ సంగతి కాసేపట్లో చెప్తాను.

ఒకప్పుడు ప్లాటు కొన్నవాళ్లు చుట్టూ రాతి కడీలు పాతి, ముళ్ల తీగ గుంజి కట్టి, తాళం వేసుకుని పోయేవాళ్లు. హద్దు తప్పిందని తెలిస్తే కడీ పీకి అవతల పాతుకోవచ్చు. ఇప్పుడు ముందే పోసి ఉంచిన ప్రీకాస్ట్ సిమెంటు పలకలు తెచ్చి ఒకట్రెండు రోజుల్లో గోడ నిలబెడుతున్నారు, గెట్టు పంచాయితీ కూడా అంతే తొందరగా లేస్తోంది.

ఎక్కడ తప్పుతుందో చూడండి. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు, అంటే 200 గజాల ప్లాట్లు వరుసగా పది ఉన్నాయనుకోండి. మొదటాయన నాలుగు అంగుళాలు అటు జరిగి గోడ కట్టాడు. రెండో ఆయన నక్షా చూడకుండా ఆ గోడనే హద్దు అనుకుని అక్కడి నుంచి టేపు పట్టి, తను ఇంకో నాలుగు అంగుళాలు జరిగాడు. ఇట్లా తొమ్మిది మంది తలా నాలుగు అంగుళాలు జరిగితే పదో ఆయనకు మూడడుగులు పోయినట్టే. ఆయన కాగితంలో 200 గజాలు ఉంటాయి, మోకా మీద ఉండేది 180. పాపం ఆయన ఎవరి మీద కేసు వేయాలి? అందుకే పక్కింటి గోడ నుంచి కొలవకండి. లేఅవుట్ నక్షాలో రోడ్డు మూల ఎక్కడుందో పట్టుకుని అక్కడి నుంచి కొలవండి, డౌటుంటే సర్వేయర్‌ని పిలిచి పక్కవాళ్ల ముందే కొలిపించండి. వెయ్యో రెండు వేలో మిగిలాయని ఈ పని తప్పించుకున్నవాళ్లు తర్వాత కోర్టు చుట్టూ తిరగడం నేను చూశాను. మున్సిపాలిటీవాళ్లు ప్లాన్ చూస్తారు గానీ ఈ జాగ ఎవరిదని తేల్చరు, అది సివిల్ కోర్టు పని. అక్కడ కూడా 1963 నాటి లిమిటేషన్ చట్టం ఉంది, పన్నెండేండ్లు చూస్తూ ఊరుకుంటే మీ జాగ మీద మీ హక్కుకే ఎసరు రావచ్చు.

ఇక నా తప్పు. గోడ బయటి అంచును సరిగ్గా గీత మీదే నిలబెట్టాను, అంగుళం అటూ ఇటూ లేదు, మంచి గర్వంగా కూడా ఉండేది. గోడ మందం తొమ్మిది అంగుళాలు, కింద పునాది రెండున్నర అడుగులు. అంటే భూమి లోపల పదిన్నర అంగుళాల పునాది పక్కింట్లోకి పోయింది! నాలుగేండ్ల తర్వాత పక్కింటి ఆయన సంపు కోసం తవ్వితే బయటపడింది. "సార్, మీరు అందరికీ చెప్తారు కదా" అన్నాడు, ఇంకో మాట అనలేదు. పునాదిని ఆ మేరకు కోయించి గోడకు లోపలి నుంచి ఆసరా కట్టించాను, ఖర్చంతా నాదే. కాబట్టి మేస్త్రీకి ముందే చెప్పండి, పునాది కూడా మన గీత లోపలే ఉండాలని, లేదంటే ఒక పక్కకే పునాది వేయించమని. ఇద్దరూ కలిసి ఉమ్మడి గోడ కట్టుకుంటే ఇంకా మంచిది, సిమెంటు మిగులుతుంది, జాగ మిగులుతుంది. కానీ గోడ మధ్యలోనే హద్దు అని, ఖర్చు సగం సగమని కాగితం మీద రాసుకోండి. అన్నదమ్ములైనా సరే.

ఎత్తు ఎంత అని అందరూ అడుగుతారు. కేంద్రం 2016లో ఇచ్చిన నమూనా బైలాస్, అంటే కట్టడాల నియమాల ప్రకారం రోడ్డు నడిమధ్య మట్టం నుంచి మీటరున్నర, అంటే దాదాపు ఐదడుగులు. పైన 0.9 మీటరు గ్రిల్లులాగా ఖాళీ ఖాళీగా ఉంచితే మొత్తం 2.4 మీటర్ల దాకా పోవచ్చు. మీకైతే అనుమతి ప్లాన్‌లో ఏముందో అదే లెక్క.

మూల ప్లాటు వాళ్లు కొంచెం జాగ్రత్తగా వినండి. 2012 నాటి బిల్డింగ్ రూల్స్, జీవో 168 అంటారు చూడండి, అందులో 12 మీటర్ల కంటే తక్కువ వెడల్పు రోడ్లు కలిసే చోట మూలను మూడు మీటర్లకు మూడు మీటర్లు కోసి వదలాలి. అంత జాగ పోతుందని ఏడుస్తారు, నాకు తెలుసు. కానీ ఆ మూలన ఎనిమిదడుగుల గోడ లేపితే అటునుంచి వచ్చే బండి కనిపించదు, సైకిల్ మీద వచ్చే పిల్లగాడు అసలే కనిపించడు. రోడ్డు వైపు ఇంకో రోగం ఉంది. గోడ సరిగ్గానే కట్టి, మోరీ మీద మెట్లు, ర్యాంపు మూడడుగులు బయటకు వేస్తారు. రెండు వైపులా వేస్తే 30 అడుగుల రోడ్డు 24 అయింది. ఎండాకాలం నీళ్ల ట్యాంకర్ తిరగకపోతే మున్సిపాలిటీని తిడతాం.

పర్మిషన్ సంగతి త్వరగా చెప్తాను. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్, అంటే తెలంగాణలో ఇండ్ల అనుమతుల చట్టం, 75 గజాల లోపు, ఏడు మీటర్ల ఎత్తు దాకా ఇంటికి రూపాయితో రిజిస్టర్ చేసుకుంటే చాలంది, 600 గజాల దాకా మీరే డిక్లరేషన్ ఇస్తే వెంటనే అనుమతి అంది. సులువే. కానీ ఇచ్చిన డిక్లరేషన్ అబద్ధమైతే నోటీసు లేకుండానే కూలగొట్టొచ్చని కూడా అదే చట్టంలో ఉంది. చుట్టూ ఖాళీ వదలకుండా ప్రహరీ గోడనే ఇంటి గోడ చేసి స్లాబు వేసేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

ఇంకొకటి, ఊరి చివర ఇండ్లవాళ్లు పందుల కోసమని కంచెకు కరెంటు తీగ కలుపుతున్నారు. అది నేరం, మనుషులు చచ్చిపోతున్నారు, ఇవ్వాళే తీసేయండి.

సరే, టేపు తెచ్చాను. చాయ్ తాగి మూడో లైను మూల దగ్గరికి పోదాం, అక్కడ ఇద్దరు నెల రోజులుగా మాట్లాడుకోవడం లేదట. వాళ్లిద్దరూ కూడా ఇక్కడే కూర్చున్నారు, చెరో కొస పట్టుకుంటే కొలుద్దాం.