కాపు వచ్చి రేటు రాని ఏడు

(చిత్తూరులో ఒక సంఘం కోత పండుగ కూడికలో చేసిన ప్రసంగం)

అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, స్త్రీల మైత్రి అక్కచెల్లెళ్లకు, గాయక బృందం పిల్లలకు ప్రభువు నామంలో వందనాలు. ఇంకా చాలామందికి చెప్పాలి గానీ, అందరి పేర్లూ చదివేసరికి బయట వేలానికి పెట్టిన ఆకుకూరలు వాడిపోతాయి. క్షమించండి.

నాకిచ్చిన అంశం ‘కష్టకాలంలో దేవునిపై దృష్టి’. పదిహేను నిమిషాలిచ్చారు. బడిపంతులుగా చేసినవాడికి పదిహేను నిమిషాలు హాజరు వేయడానికే చాలవు.

కోత పండుగ అంటే మనం బైబిల్లో హబక్కూకు ప్రవక్త గ్రంథం మూడో అధ్యాయం చదువుతాం. అంజూరపు చెట్లు పూయకపోయినా, ద్రాక్షచెట్లు ఫలించకపోయినా, సాలలో పశువులు లేకపోయినా నేను యెహోవాయందు ఆనందిస్తాను అంటాడాయన. ముప్ఫై ఏళ్లు సండేస్కూల్లో పిల్లల చేత కంఠతా పట్టించాను. 2025లో మాత్రం నాకు ఆయనతో పేచీ వచ్చింది. అయ్యా ప్రవక్తా, నీ చెట్టు కాయలేదు. సరే, ఏడ్చుకోవచ్చు. మా చెట్టు కాసిందే! బంగారుపాళ్యం దగ్గర మా నాలుగెకరాల తోతాపురి మామిడికి కొమ్మకొమ్మకూ ఊతకర్ర పెట్టాల్సి వచ్చింది. కాపు వచ్చి రేటు రాకపోతే ఏం పాడాలో నువ్వు రాయలేదే?

ఆ సీజను సంగతి ఇక్కడ చాలామందికి నేను చెప్పక్కర్లేదు. కిలోకి పన్నెండు రూపాయలన్నారు. ఫ్యాక్టరీ ఎనిమిది, ప్రభుత్వం నాలుగు. ఆ ఎనిమిది ఎంతమంది చేతికొచ్చిందో ఈ వరుసల్లో కూర్చున్న రైతుల్ని అడగండి, నన్నెందుకు. ఒక జ్యూస్ ఫ్యాక్టరీ గేటు ముందు మా ట్రాక్టరు రెండు రాత్రులు నిలబడింది. మొదటి రాత్రి కాయ గట్టిగానే ఉంది. రెండో రోజు మధ్యాహ్నానికి అడుగు కాయ నలిగి, రసం కారి, ఈగలు. మా ముందున్న అబ్బాయి, పాతికేళ్లుండవు, సగం లోడు రోడ్డు పక్కన దించేసి, “అన్నా, డీజిలన్నా మిగులుతుంది” అని ట్రాక్టరు తిప్పుకుని పోయాడు. నేను వాడి కాయల వైపు చూడలేకపోయాను.

ఆ రాత్రి ప్రార్థన చేద్దామని టైరు పక్కన కూర్చున్నాను. నా ప్రార్థనలు మీకు తెలుసు కదా, ‘పరమందున్న మా తండ్రీ, కృపాసత్యసంపూర్ణుడా’ అని మొదలుపెడితే అన్నం చల్లారిపోతుందని మా ఇంటామె కసురుతుంది. ఆ రాత్రి ఒక్క మాట రాలేదు. చివరికి వచ్చింది, నీళ్ల మీద నడవబోయి మునిగిన శిష్యుడు పేతురు మాట: “ప్రభువా, నన్ను రక్షించుము.” నీళ్లలో మునుగుతున్నవాడు అంతకంటే ఏం అనగలడు? విశేషణాలకు ఊపిరెక్కడిది?

ఇప్పుడు నా అసలు బాధ చెబుతాను. పెద్దలు ఏమీ అనుకోకూడదు. అనుకున్నా సరే.

తర్వాతి ఆదివారం ఒక సహోదరుడు నా భుజం మీద చెయ్యి వేసి, “అన్నా, విశ్వాసంలో ఎక్కడో లోటుంది, పరీక్షించుకో” అన్నాడు. పేరు చెప్పను. కోపంతో ఇంటికెళ్లాను. సగం దారిలో గుర్తొచ్చింది, ఇదే మాట నేనూ ఒకరికి చెప్పాను. కొడుకును వేలూరు ఆసుపత్రిలో పడుకోబెట్టి, బట్టలకోసం చిత్తూరొచ్చిన తండ్రికి. బస్టాండులో, టీ తాగుతూ. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టేసి బస్సెక్కాడు. టీ సగమే తాగాడు. ఆ సగం గ్లాసు నాకింకా కనిపిస్తుంది.

కష్టాల్లో ఉన్న యోబును ఓదార్చబోయి నిందించిన స్నేహితుల్ని మనం తిడతాం. కానీ వాళ్లు ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేల మీద ఊరికే కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడకుండా. మనలో ఎవరైనా ఏడు నిమిషాలు కూర్చున్నామా? నోరు తెరిచాకే కదా వాళ్లు చెడ్డది!

మా తాత సంగతి చెప్పి మళ్లీ అంశానికొస్తాను. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం తెలుసు కదా, 1915లో మిషన్లు కలిసి పెట్టిన క్షయ ఆసుపత్రి. డెన్మార్కు నుంచి వచ్చిన ఫ్రిమోట్-మొల్లర్ దొరగారు దానికి మొదటి పెద్ద డాక్టరు. మా తాతను చేర్చింది 1938లో. క్షయను చంపే స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. అంటే మా తాతకు మందు పుట్టలేదు. గాలి, పాలు, గుడ్డు, పడక, అదే వైద్యం. పదకొండు నెలలకు పోయాడు.

మా అవ్వకు చదువు రాదు. ‘కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను’ అనే కీర్తన ఎవరో నేర్పితే, అక్కడి కొండల్ని చూస్తూ రోజూ అనుకునేదట. మరి తాత బతకలేదు కదా అవ్వా, అని చిన్నప్పుడు అడిగాను. ఒత్తులు చేసుకుంటూ అంది: “ఆ పదకొండు నెల్లూ దేవుడితో మాట్లాడింది తక్కువ, పోట్లాడింది ఎక్కువ నాయనా. పోట్లాడాలంటే ఎదురుగా నిలబడాల కదా.”

ఆ మాట అర్థం కావడానికి నాకు అరవై ఏళ్లూ, ఒక లోడు మామిడికాయలూ పట్టాయి. ఇంటికెళ్లి హబక్కూకు మొదటి అధ్యాయం తీశాను. మనం పండక్కి మూడోదే చదువుతాం, మొదటిది వదిలేస్తాం. ఆయన మొదలుపెట్టిందే పోట్లాటతో! నేను మొఱ్ఱపెట్టినా నీవెన్నాళ్లు ఆలకించకుందువు అని. రెండో అధ్యాయంలో గోపురం మీదెక్కి, జవాబు ఏం చెబుతావో చూస్తానని నిలబడ్డాడు. అలిగి ఇంటికి పోలేదు. మీరిచ్చిన అంశంలో ‘దృష్టి’ అన్నారే, నాకు తెలిసిన దృష్టి అదే.

మన సాక్ష్యాల సమయంలో మైకు ముందుకు ఎవరొస్తారు? గట్టెక్కినవాళ్లు. రోగం తగ్గినవాళ్లు, వీసా వచ్చినవాళ్లు. ఇంకా నీళ్లలో ఉన్నవాడు వెనక బెంచీలో తల దించుకుంటాడు. ఎనభై ఎనిమిదో కీర్తన చూడండమ్మా, చీకటియే నాకు బంధువర్గమాయెను అని ముగుస్తుంది. హల్లెలూయ లేదు. అయినా బైబిల్లో ఉంచారు. మన సంఘంలో ఆ కీర్తనకారుడికి మైకు ఇస్తామా, పెద్దలారా? వచ్చే నెల నుంచి ఇవ్వండి. ‘నాకింకా జవాబు రాలేదు’ అని ఒక్క వాక్యం చెప్పి కూర్చోనివ్వండి. వెంటనే ఎవరూ పాట ఎత్తుకోవద్దు.

అయ్యగారు గడియారం చూస్తున్నారు. ఒక్క మాట. బయట వేలంలో ఒక జాడీ ఉంది, ఎర్రగుడ్డ కట్టింది. తిరిగొచ్చిన కాయల్లో గట్టివి ఏరి మా ఇంటామె పెట్టిన ఊరగాయ. పంతులుగారి కష్టం విన్నాం కదా అని జాలిపడి పాట పెంచకండి. మూత తీసి, రుచి చూసి, ఊరగాయకు ఎంత తగునో అంతే పాడండి.