రాక్‌బాక్స్ సగంలో ఆగిపోయిన ఐపాడ్ వీడియో: పాటలు పోకుండా మళ్లీ లేపవచ్చా?

నమస్కారం. మీరు చూస్తున్నది 2006లో వచ్చిన 80 జీబీ ఐపాడ్ వీడియో, అంటే ఆపిల్ వారి మ్యూజిక్ ప్లేయర్. తాంబరంలో ఉంటున్న మా పెదనాన్నగారిది. తమ గురువుగారి దగ్గర త్యాగరాజ కీర్తనలు నేర్చుకున్న రోజుల్లో క్యాసెట్లలో పట్టుకున్న పాఠాలన్నీ ఆయన ఇందులోకి ఎక్కించుకున్నారు. ఆ క్యాసెట్లు ఇప్పుడు లేవు, వేరే చోట కాపీ కూడా లేదు. ఫ్లాక్ ఫైళ్లు (నాణ్యత తగ్గకుండా కుదించిన పాటల ఫైళ్లు) కూడా వినాలనే కోరికతో ఇంట్లోవాళ్లు దీనిలో రాక్‌బాక్స్ (ఆపిల్ సాఫ్ట్‌వేర్ బదులు వాడే ఉచిత సాఫ్ట్‌వేర్) వేస్తుండగా మధ్యలో కేబుల్ ఊడిపోయింది. అప్పటి నుంచి ఆన్ చేసిన ప్రతిసారీ రాక్‌బాక్స్ గుర్తు వస్తుంది, ఆ కింద ఫైలు దొరకలేదన్న సందేశం కనిపిస్తుంది, అంతటితో ఆగిపోతుంది. కాబట్టి ఈ రివ్యూలో ధ్వని నాణ్యతను పక్కన పెట్టి, ఫర్మ్‌వేర్ (ప్లేయర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్) చెడిపోయినప్పుడు ఈ ప్లేయర్ ఎంతవరకు తిరిగి కోలుకోగలదన్న ఒక్క విషయాన్నే పరిశీలిస్తాను.

ముందుగా ఆ సందేశాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి. ఐపాడ్ వీడియోలో ఆన్ కాగానే మొదట పనిచేసే ప్రోగ్రాము హార్డ్ డిస్క్‌లో కాదు, బోర్డు మీద రోమ్‌గా వాడే చిన్న ఫ్లాష్ చిప్‌లో ఉంటుంది. అది హార్డ్ డిస్క్‌లోని ఫర్మ్‌వేర్ పార్టిషన్‌ను (డిస్క్‌లో ఫర్మ్‌వేర్‌కు కేటాయించిన భాగాన్ని) చదివి, అక్కడున్న ప్రోగ్రాముకు పని అప్పగిస్తుంది. రాక్‌బాక్స్ ఇన్‌స్టాలేషన్ ఆ పార్టిషన్‌లో తన బూట్‌లోడర్‌ను (మిగతా సాఫ్ట్‌వేర్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామును) చేర్చి, తర్వాత పాటలుండే పార్టిషన్‌లోకి తన ఫైళ్లను కాపీ చేస్తుంది. రోమ్ జోలికి అసలు పోదు. ఇక్కడ రాక్‌బాక్స్ గుర్తు కనిపిస్తోందంటే మొదటి పని పూర్తయిందని, కేబుల్ ఊడింది రెండో పని జరుగుతున్నప్పుడని స్పష్టంగా తెలుస్తోంది. అంటే ఈ ప్లేయర్ చచ్చిపోలేదు. ఇంత మాత్రానికే చాలామంది దీన్ని చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కు తీసుకెళ్లి విడిభాగాల ధరకు అమ్మేస్తున్నారు, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఇప్పుడు నా వేళ్లను గమనించండి. పైనున్న హోల్డ్ స్విచ్‌ను ఒకసారి వేసి తీశాను. మెనూ బటన్‌నూ మధ్య బటన్‌నూ కలిపి కనీసం ఆరు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. తెర ఆరిపోయి ఆపిల్ గుర్తు రాగానే ఆ రెండూ వదిలేసి, వెంటనే మధ్య బటన్‌నూ ప్లే బటన్‌నూ కలిపి పట్టుకోవాలి. ఇక్కడ కాస్త ఆలస్యమైతే పాత సందేశమే మళ్లీ వస్తుంది, అప్పుడు మొదటి నుంచి చేయడమే. చూశారా, తెర పైభాగాన డిస్క్ మోడ్ అనే అక్షరాలు వచ్చాయి, అంటే కంప్యూటర్‌కు ఇది ఇప్పుడు మామూలు బయటి డిస్క్‌లా కనిపిస్తుంది. ఈ మోడ్ కూడా ఆ చిప్‌లోనే ఉంటుంది కనుక, హార్డ్ డిస్క్‌లోని ఫర్మ్‌వేర్ ఎంత పాడైనా ఈ దారి మూసుకుపోదు. ఈ ప్లేయర్‌కు నేను అత్యధిక మార్కులు ఇచ్చేది దీనికే.

కంప్యూటర్‌కు కలపగానే, డిస్క్‌ను ఫార్మాట్ చేయాలా అని విండోస్ అడిగితే ఒప్పుకోకండి. మ్యాక్‌లో ఫార్మాట్ అయిన ఐపాడ్‌ను విండోస్ చదవలేక అలా అడుగుతుంది, పాటలు మాత్రం లోపల భద్రంగానే ఉంటాయి. రాక్‌బాక్స్‌కు ఫ్యాట్32 (విండోస్ చదివే ఒక డిస్క్ ఫార్మాట్) తప్పనిసరి కనుక, అలాంటి ఐపాడ్‌లో ముందు మ్యాక్‌లోనే పాటలు దించుకుని తర్వాత ఫార్మాట్ మార్చుకోవాలి. మనది విండోస్‌లో ఫార్మాట్ అయినదే, కాబట్టి డ్రైవ్ తెరుచుకుంది.

పాటలు పైకి కనిపించవు. దాచిన ఫైళ్లను చూపించమని విండోస్‌లో ఎంచుకుంటే ఐపాడ్ కంట్రోల్ అనే ఫోల్డర్, అందులో మ్యూజిక్ ఫోల్డర్, దానిలో ఎఫ్ అక్షరంతో మొదలయ్యే వరుస ఫోల్డర్లు కనబడతాయి. ఫైళ్ల పేర్లు అర్థంలేని నాలుగక్షరాలుగా ఉన్నాయని కంగారు పడకండి. కీర్తన పేరు, రాగం వంటి వివరాలు ట్యాగులుగా నింపి ఉంటే అవి ఫైలు లోపలే ఉంటాయి. మొత్తం ఫోల్డర్‌ను కంప్యూటర్‌లోకి కాపీ చేసుకున్న తర్వాతే డిస్క్ లోపాలను సరిచేసే చెక్‌డిస్క్‌ను నడపండి. అది తెగిపోయిన ఫైళ్లను ముక్కలుగా వేరే పేర్లతో పెట్టే అవకాశం ఉంది, అందుకే ఈ క్రమాన్ని తారుమారు చేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఆ తర్వాత పని చాలా చిన్నది. ఐపాడ్ వీడియో కోసం తయారైన రాక్‌బాక్స్ జిప్ ఫైలును విప్పి, ముందు చుక్క ఉన్న రాక్‌బాక్స్ ఫోల్డర్‌ను డ్రైవ్‌లో అన్నిటికంటే పైన, మరే ఫోల్డర్‌లోనూ కాకుండా, పెట్టాలి. మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ చుక్కతో మొదలయ్యే ఫోల్డర్ కనబడదు, అది గుర్తుంచుకోండి. సురక్షితంగా ఎజెక్ట్ చేసి, మెనూనూ మధ్య బటన్‌నూ మళ్లీ పట్టుకుంటే, ఇదిగో, రాక్‌బాక్స్ మెనూ వచ్చింది. పాఠాలన్నీ ఉన్నాయి.

ఒకవేళ బూట్‌లోడరే సగం రాయబడి ఉంటే ఐపాడ్‌ప్యాచర్ అనే చిన్న ప్రోగ్రాము వాడాలి. ఐట్యూన్స్‌ను మూసి, అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే బూట్‌లోడర్‌ను వేయాలా, తీయాలా అని అడుగుతుంది. అది పాటల పార్టిషన్‌ను తాకదు. ఐట్యూన్స్‌లోని రీస్టోర్ అన్నింటినీ తుడిచేస్తుంది కనుక, కాపీ చేతిలో ఉన్నప్పుడు మాత్రమే, అదీ చివరి మార్గంగానే వాడాలి. రాక్‌బాక్స్‌ను కంప్యూటర్ నుంచి వేసే రాక్‌బాక్స్ యుటిలిటీ అనే ప్రోగ్రాము ఇన్‌స్టాలేషన్‌ను ఎంతో సులువు చేసింది, కానీ మధ్యలో ఆగితే ఏ దశలో ఆగిందో కొత్తవారికి అర్థమయ్యేలా చెప్పదు. దానికి మార్కులు తగ్గిస్తున్నాను.

ఇన్‌స్టాలేషన్‌కు ముందు బ్యాటరీ నిండా ఉండాలి, వదులైన 30 పిన్ కేబుల్‌ను వాడకూడదు. కరెంటు పోతే ఆగిపోయే డెస్క్‌టాప్ కంటే ల్యాప్‌టాప్ మేలు. డిస్క్ మోడ్‌లో కూడా హార్డ్ డిస్క్ టకటకమంటూ డ్రైవ్ కనబడకపోతే అది ఫర్మ్‌వేర్ సమస్య కాదు, డిస్క్ పోతోందని అర్థం. అప్పుడు పదేపదే ప్రయత్నించకుండా డేటా రికవరీ తెలిసినవారికి అప్పగించండి.

సెకండ్ హ్యాండ్‌లో రాక్‌బాక్స్ కోసమే ప్లేయర్ కొనాలనుకునేవారికి ఈ ఐపాడ్ వీడియోను నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. కొనేటప్పుడు దుకాణంలోనే డిస్క్ మోడ్‌లోకి వెళ్లి, కంప్యూటర్‌కు కలిపించి, డ్రైవ్ తెరుచుకున్న తర్వాతే డబ్బు ఇవ్వండి.