వి-క్రాస్ సీటు వెనక 10 ఇంచీల సబ్‌వూఫర్ పెట్టె: ఎట్లా చేయించాం, ఎట్లా మోగుతోంది

అన్నలూ, అక్కలూ, నమస్తే. ముందు ఈ పెట్టెను చూడండి. 40 ఇంచీల పొడుగు, 14 ఇంచీల ఎత్తు, అడుగున ఏడున్నర ఇంచీల లోతు, పైకి పోయేసరికి నాలుగే. మా బామ్మర్ది ఇసుజు వి-క్రాస్ పికప్ బండిలో వెనక సీటుకూ క్యాబిన్ గోడకూ మధ్య పట్టేటట్టు హన్మకొండలో వడ్లాయనతో చేయించాం. లోపల 10 ఇంచీల షాలో సబ్‌వూఫర్, అంటే లోతు తక్కువుండి బేస్ (కింది శబ్దాలు) మోగించే స్పీకర్, దానికి 300 వాట్ల ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల పవర్) మోనో యాంప్. స్పీకర్ ఏ కంపెనీదో అడగకండి, ఈ వీడియో పెట్టె మీదనే, ఎందుకంటే ఇంత ఇరుకు జాగాలో బేస్ వస్తుందా రాదా అన్నది పెట్టె దగ్గరే తేలిపోతుంది.

మన వరంగల్ ఆటోనగర్‌లో చూస్తుంటా, పోరగాళ్లు ముందు పోయి 12 ఇంచీల స్పీకర్ కొనుక్కొస్తారు, తర్వాత సీటు వెనక టేపు పెట్టి చూసి తల పట్టుకుంటారు. పికప్‌లో ఇది తలకిందుల పని. ముందు జాగా కొలవాలి, ఆ జాగాలో ఎన్ని లీటర్లు దొరుకుతాయో లెక్క కట్టాలి, ఆ లీటర్లకు సరిపోయే స్పీకర్ అప్పుడు కొనాలి. కొలత కూడా టేపు ఒక్కదానితో కాదు. ఫ్రిజ్ అట్టపెట్టె ఒకటి తెచ్చి సీటు వెనక వాలుకు తగ్గట్టు కోసి, లోపల నిలబెట్టి, సీటు మామూలుగా లాక్ పడుతుందా చూడండి. సీటు బెల్టు బోల్టులు, సీటు లాక్ కొక్కెం, జాకీ పెట్టే జాగా, ఇవన్నీ టేపుకు కనపడవు, అట్టకు తగులుతాయి.

ఇప్పుడు లీటర్ల లెక్క. వాలు పెట్టె కాబట్టి పైలోతు, కిందిలోతు కలిపి సగం చేయండి: 5.75 ఇంచీలు. బయటి కొలతలతో గుణిస్తే 3,220 ఘనపు ఇంచీలు, అంటే దాదాపు 53 లీటర్లు. వినడానికి బాగుంది కదా! కానీ చెక్క మందం 18 మిల్లీమీటర్లు, రెండు వైపులా కలిపితే ప్రతి కొలతలో 1.4 ఇంచీలు పోతాయి. పొడుగులో, ఎత్తులో ఆ నష్టం తెలియదు, లోతులో చంపేస్తుంది, 5.75 కాస్తా 4.35 అవుతుంది. లోపల మిగిలేది 34 లీటర్లు. అందులో స్పీకర్ మ్యాగ్నెట్, మధ్యలో కొట్టిన ఆసరా చెక్క కలిపి ఇంకో రెండు మూడు లీటర్లు తింటాయి. చివరికి చేతికొచ్చేది 31 చిల్లర. సన్నటి పెట్టెలో మూడోవంతు కంటే ఎక్కువ చెక్కకే పోతుందన్న సంగతి చాలామంది బయటి కొలతలు చూసి మర్చిపోతారు.

మరి 31 లీటర్లు చాలా? స్పీకర్‌తో వచ్చే కాగితం మీద మూడు అంకెలుంటాయి: క్యూటీఎస్ (కోన్, అంటే స్పీకర్ ముందు ఊగే భాగం, ఊగుడు ఎంత త్వరగా ఆగుతుందో చెప్పేది), వాస్ (కోన్ స్ప్రింగుతనానికి సమానమైన గాలి, లీటర్లలో), ఎఫ్ఎస్ (పెట్టె లేకుండా స్పీకర్ తనంతట తాను ఊగే హెర్ట్జ్). లెక్క సులువుగా ఉండటానికి క్యూటీఎస్ 0.5, వాస్ 30 లీటర్లు, ఎఫ్ఎస్ 30 హెర్ట్జ్ అనుకుందాం. వాస్‌ను పెట్టె లీటర్లతో భాగించి, ఒకటి కలిపి, దాని వర్గమూలంతో క్యూటీఎస్‌ను, ఎఫ్ఎస్‌ను గుణించాలి. 30 లీటర్ల సీల్డ్ పెట్టెలో, అంటే గాలి పోకుండా మూసిన పెట్టెలో, క్యూటీఎస్ నుంచి 0.707 వస్తుంది, రెజొనెన్స్ (పెట్టెలో స్పీకర్ తనంతట తాను ఊగే హెర్ట్జ్) 42 హెర్ట్జ్ దగ్గర కూర్చుంటుంది. ఈ 0.707 దగ్గర బేస్ ఉబ్బకుండా సాఫీగా దిగుతుంది. అదే స్పీకర్‌ను 15 లీటర్లలో ఇరికిస్తే 0.87, 52 హెర్ట్జ్. 10 లీటర్లకు తగ్గిస్తే 1.0, 60 హెర్ట్జ్. అప్పుడు దెబ్బ ఉంటుంది, లోతు ఉండదు, ఏ పాట పెట్టినా ఒకటే శబ్దం గుంయ్ మంటుంది. రెడీమేడ్ సన్న పెట్టెలు కొన్ని అట్లా మోగడానికి అసలు కారణం ఇదే, పాపం తిట్లు మాత్రం స్పీకర్‌కు పడతాయి. పెట్టె కొంచెం చిన్నదైతే లోపల దిండ్లలో నింపే పాలిస్టర్ దూది వదులుగా పెట్టండి, స్పీకర్‌కు పెట్టె కాస్త పెద్దదైనట్టు అనిపిస్తుంది. కుక్కితే లాభం లేదు.

పోర్ట్, అంటే పెట్టెకు గాలి పోయే పైపు, పెట్టొచ్చు కదా అన్నా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఇదే 30 లీటర్లను 35 హెర్ట్జ్‌కు ట్యూన్ చేయాలంటే నాలుగు ఇంచీల పైపు దాదాపు 57 సెంటీమీటర్ల పొడుగు కావాలి. ఆ పైపే నాలుగున్నర లీటర్ల జాగా మింగుతుంది, పైగా మన పెట్టె పైన లోపలి లోతు మూడు ఇంచీలు కూడా లేదు. పికప్‌కు అది అవసరమే లేదంటాను. చిన్న క్యాబిన్‌లో అద్దాలు ఎక్కించుకుంటే కింది శబ్దాలు తమంతట తామే పెరుగుతాయి, సీల్డ్ పెట్టె తగ్గించేదాన్ని క్యాబిన్ చాలావరకు పూడుస్తుంది. ఊరేగింపు డీజే బండి కడుతున్నారంటే అది వేరే లెక్క.

చెక్క విషయంలో మాత్రం బామ్మర్దితో కొంచెం లొల్లి అయింది. వాడు ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన పలక) అన్నాడు. ఎండీఎఫ్ మంచిదే, బరువుంటుంది, సాఫీగా కోసుకోవచ్చు, కానీ నీళ్లు తాకితే ఉబ్బుతుంది. ఇది పొలానికి, ఎనుమాముల మార్కెట్‌కు తిరిగే బండి, వానాకాలంలో బురద కాళ్లతో ఎక్కుతారు, కడిగేటప్పుడు పైపు లోపలికి కూడా పెడతారు. అందుకే ఐఎస్ 710 (భారత ప్రమాణం) ముద్ర ఉన్న, నీళ్లను తట్టుకునే మెరైన్ ప్లై తీసుకున్నాం. ఐఎస్ 303 ఎంఆర్ ప్లై తక్కువ ధరకు వస్తుంది, అది తేమను ఓర్చుకుంటుంది గానీ నానితే ఖరాబు అవుతుంది.

ఇప్పుడు కెమెరా దగ్గరికి తెస్తున్నా, ఈ మూల చూడండి. జాయింట్‌కు ఫెవికాల్, ప్రతి నాలుగు ఇంచీలకు ఒక స్క్రూ, లోపల అంచు పొడుగునా సిలికాన్. సిలికాన్ పూర్తిగా ఆరి వాసన పోయేదాకా స్పీకర్ బిగించొద్దు. లీక్ ఎట్లా పట్టాలంటే, ఫోన్‌లో 30 హెర్ట్జ్ టోన్ సన్నగా పెట్టి అగరబత్తి ముట్టించి జాయింట్ల వెంట మెల్లగా తిప్పండి. పొగ నిటారుగా లేస్తుంటే బరాబర్ ఉన్నట్టే. ఇగో, వైరు బిగించే ఈ టెర్మినల్ కప్పు దగ్గర చూడండి, పొగ లోపలికి బయటికి గుంజుతోంది. చుట్టూ ఫోమ్ టేపు అంటిస్తే సరిపోయింది. జాయింట్లు ఎంత బాగున్నా ఆ కప్పు దగ్గర తప్పకుండా చూడాలి.

కోన్ ముందుకు కొట్టినప్పుడు సీటు వీపుకు తాకొద్దు, గ్రిల్ వేసి ఇంకో ఇంచీ వదిలాం. వెనక మ్యాగ్నెట్‌కు గాలి రంధ్రం ఉంటే దానికీ గోడకూ మధ్య అర ఇంచీ అయినా ఉండాలి.

ఇక వినికిడి. ములుగు రోడ్డులో ఆత్మకూరు దాటాక, బండి 80 మీద పోతుంటే డప్పు పాటలు, బతుకమ్మ పాటలు పెట్టి విన్నాం. డప్పు దెబ్బ పడి టక్కున ఆగుతోంది, తోక లాగడం లేదు, నాకు అదే కావాలి. యాంప్‌లో లో పాస్ (కింది శబ్దాలనే వదిలేది) 80 హెర్ట్జ్, డోర్ స్పీకర్లకు హై పాస్ (పై శబ్దాలనే వదిలేది) కూడా 80 దగ్గరే పెట్టాం. ఫేజ్ స్విచ్ (కోన్ ముందు వెనక ఊగుడును తిరగేసేది) సున్నా మీద ఒకసారి, 180 మీద ఒకసారి పెట్టి డ్రైవర్ సీట్లో కూర్చుని వినండి, ఏది నిండుగా ఉంటే అది ఉంచండి. మొదట్లో వెనక రేకు బరబర మోగింది, రేకు అదురు ఆపే డ్యాంపింగ్ షీట్ అంటించాక తగ్గింది.

నచ్చనివీ ఉన్నాయి. జాకీ ఇప్పుడు సీటు కింద వేరేగా కట్టుకోవాలి. పెట్టె ఒక్కటే 15 కిలోల దాకా ఉంది, స్పీకర్ కలిపితే ఇంకా ఎక్కువ, గట్టి బ్రేకు కొడితే అది ఎగిరొచ్చి వెనక కూర్చున్నవాళ్ల నడుముకు తగులుతుంది, కాబట్టి బ్రాకెట్లతో బిగించాల్సిందే. బిగించే ముందు బండి కిందికి దూరి డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపులు ఎక్కడున్నాయో చూసి డ్రిల్ పెట్టండి. బ్యాటరీ దగ్గర నుంచి 18 ఇంచీల లోపే 40 ఆంపియర్ల ఫ్యూజ్, దాంట్లో రాజీ లేదు.

కరీంనగర్ గ్రానైట్ లారీ అన్నలు మా బండికీ చెప్పమంటున్నారు. పెట్టె లెక్క అదే, కరెంటు వేరు. మీది 24 వోల్టులు, 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరసలో ఉంటాయి. ఒక్క బ్యాటరీ నుంచే 12 గుంజితే అది చార్జింగ్ చాలక, రెండోది చార్జింగ్ ఎక్కువై, రెండూ పాడవుతాయి. 24 నుంచి 12కు దించే కన్వర్టర్ పెట్టండి, 300 వాట్ల యాంప్‌కు అది 30 ఆంపియర్లు ఇవ్వగలగాలి. 10 ఆంపియర్ల చిన్నది తగిలిస్తే బేస్ దెబ్బ పడగానే పాట ఆగి ఆగి వస్తుంది, అప్పుడు యాంప్‌ను తిట్టకండి.