చెరువు లెక్కల ఎక్సెల్ ఫైల్ రివ్యూ: ఎరుపు రావాల్సిన చోట రాలేదు!

అందరికీ నమస్కారమండి. ముందే చెప్పేస్తున్నాను, ఈ ఫైల్ నేను కొన్నది కాదు. రొయ్యల చెరువుల కోసం ఎక్సెల్ టెంప్లేట్లు అమ్మేవాళ్లు ఒకళ్లు రివ్యూ చెయ్యమని ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు. ఈ వీడియో చూశాక ఇక పంపరు కూడా.

ఎన్ని షీట్లున్నాయి, ఏ వెర్షన్‌లో తెరుచుకుంటుంది, అవన్నీ వాళ్ల పేజీలో చూసే ఉంటారు. మేత కూడికలు సరిగ్గానే వస్తున్నాయి, ఖర్చుల షీటు ఫర్వాలేదు. నా గోలంతా రంగుల గురించే. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు గట్టు మీద నిలబడి ఫోన్లో షీటు చూసే రైతు ప్రతి అంకె చదువుతూ కూర్చోడు. ఎర్రగా ఏదైనా ఉంటే ఆగుతాడు, లేకపోతే వేలితో కిందికి తోసేస్తాడు.

ఇదిగో, కౌంట్ కాలమ్ చూడండి. కేజీకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్. 100 అంటే చిన్న రొయ్య, 30 అంటే పెద్దది, రేటూ దానికే ఎక్కువ. ఇక్కడ 100 పచ్చగా, 30 ఎర్రగా ఉన్నాయి! అంటే పంట ఎదిగేకొద్దీ షీటు ఎర్రబడుతుందన్నమాట. అంకెని బట్టి సెల్‌కి రంగు వేసే కండిషనల్ ఫార్మాటింగ్‌లో కలర్ స్కేల్స్ తెరిస్తే మొట్టమొదట ఉండేది పెద్ద అంకెకి ఆకుపచ్చ ఇస్తుంది. వీళ్లు దాన్నే నొక్కేశారు. పక్కనే దాన్ని తిరగేసిన స్కేల్ కూడా ఉంది, అది పెట్టుకుంటే సరిపోతుంది. ఈ షీటు చేసినవాళ్లు రొయ్యని పళ్లెంలో తప్ప చూడలేదని నాకు అక్కడే అర్థమైంది.

సరే, అది నవ్వుకుని మార్చుకోవచ్చు. డీవో కాలమ్ అలా కాదండి. డీవో అంటే నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్. రాత్రంతా ఎండ లేక ఆక్సిజన్ తయారవదు, నీళ్లలో ఉన్న ప్రతిదీ వాడేసుకుంటుంది, తెల్లవారుజాముకి డీవో బాగా పడిపోతుంది. 4 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లకి నాలుగు పాళ్ల కన్నా తగ్గితే సెల్ ఎర్రబడాలని రూల్ పెట్టారు. మంచి రూలే. కానీ నమూనా వరసల్లో ‘4.5 పీపీఎం’ అని అంకె, అక్షరాలు కలిపి సెల్‌లోనే కొట్టేశారు. అది చూసి మనమూ అలాగే కొడతాం కదా. ఇప్పుడు ‘2.8 పీపీఎం’ కొడుతున్నాను... ఎంటర్... తెల్లగానే ఉంది, చూశారా?

అక్షరాలు చేరగానే ఎక్సెల్‌కి అది అంకె కాదు, టెక్స్ట్. పోల్చేటప్పుడు టెక్స్ట్ ఏదైనా అంకె కన్నా పెద్దదే అనుకుంటుంది. 2.8 కాదు, 0.5 అని రాసినా 4 కన్నా తక్కువ అనదు. నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు పరిగెత్తి వెయ్యాల్సిన వేళ షీటు ప్రశాంతంగా ఉంటుంది. దీనికి డబ్బులు తీసుకుంటున్నారు!

ఎలా సరిచెయ్యాలో చెబుతాను. కాలమ్ సెలెక్ట్ చేసి కంట్రోల్ 1 నొక్కండి. నంబర్ ట్యాబ్‌లో కస్టమ్‌కి వెళ్లి 0.0 అని కొట్టి, పక్కనే డబుల్ కోట్స్ మధ్య పీపీఎం అని రాయండి. ఇక మీరు 2.8 అని మాత్రమే కొడతారు. కంటికి పీపీఎంతో కనిపిస్తుంది, లోపల మాత్రం అంకెగానే ఉంటుంది. నాకు ఎక్సెల్ మొత్తంలో బాగా ఇష్టమైన పని ఇదే. మేతకి కేజీలు, ధాన్యానికి బస్తాలు, అన్నీ ఇలాగే పెట్టుకుంటాను.

ఇంకో తమాషా. కిందికి వస్తే, ఇంకా కొలవని రోజులన్నీ ముందే ఎర్రగా ఉన్నాయి. ఖాళీ సెల్‌ని ఈ రూల్ సున్నా అనుకుంటోంది. ప్రమాదంలో ఉన్న చెరువు తెల్లగా, రేపటి వరస ఎర్రగా! రూల్‌ని ఫార్ములాతో రాసి, అందులో ‘సెల్ ఖాళీగా ఉండకూడదు’ అన్న షరతు కూడా కలపాలి. వరసలు మొత్తం సెలెక్ట్ చేసి రూల్ పెట్టి, ఫార్ములాలో కాలమ్ అక్షరం ముందు డాలర్ గుర్తు పెడితే వరస మొత్తానికి రంగు పడుతుంది.

నేను నేర్చుకున్నది ఎక్సెల్ 2003 మీద. అప్పట్లో సెల్‌కి మూడు షరతులే, 2007లో గాని ఆ హద్దు పోలేదు. మూడే కాబట్టి ఆలోచించి పెట్టేవాళ్లం. ఈ ఫైల్లో మేనేజ్ రూల్స్ తెరిచి చూడండి, ఒకటే రూల్ ఎన్ని ముక్కలైపోయి ఉందో. వరసల్ని కాపీ, పేస్ట్ చేస్తూ పోతే ఇలాగే అవుతుంది. విలువలు మాత్రమే పేస్ట్ చేసుకోండి. మా బావగారైతే రూల్సే వద్దని బకెట్ బొమ్మతో చేత్తో రంగులు వేస్తారు. అంకె మారినా ఆయన రంగు మారదు, ఎర్రవి ఎన్నో, షరతుకి సరిపోయే సెల్స్‌ని లెక్కపెట్టే కౌంట్‌ఇఫ్‌కి తెలియదు. అయినా వినరు.

అన్నట్టు, ఎక్సెల్ తనంతట ఇచ్చే ఆ లేత ఎరుపు గట్టు మీద ఎండలో కనపడదు. ముదురు ఎరుపు, తెల్ల అక్షరాలు పెట్టుకోండి.

కొనమంటారా అంటే, వద్దండి. ఎక్సెల్ లాంటిదే లిబ్రెఆఫీస్ కాల్క్, అది ఉచితం, ఈ పనులన్నీ చేస్తుంది. ఇప్పటికే కొన్నవాళ్లు ఆ ఫైల్‌ని కాల్క్‌లో తెరిచి కంట్రోల్ ఎఫ్8 నొక్కండి. అంకెలు నీలంగా, టెక్స్ట్ నల్లగా కనిపిస్తాయి. డీవో కాలమ్‌లో నల్లగా ఉన్నవన్నీ అక్షరాలు తీసేసి మళ్లీ కొట్టండి. కౌంట్ కాలమ్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.