కుక్కతో, డయాలసిస్ బ్యాగులతో 9 రోజుల కారు ప్రయాణం: ఏది పనికొచ్చింది, ఏది పనికిరాలేదు

నమస్తే ఫ్రెండ్స్. 9 రోజులు కారులో తిరిగి మొన్ననే ఇంటికొచ్చాం, నేను, మా తమ్ముడు, మా చింటు. చింటు అంటే మా కుక్క, 6 ఏళ్లు, 28 కేజీలు, కారు తాళాల చప్పుడు వింటే చాలు గుమ్మం దగ్గర రెడీగా ఉంటాడు. నేను రెండేళ్లుగా ఇంట్లోనే పెరిటోనియల్ డయాలసిస్, పొట్టిగా పీడీ, చేసుకుంటున్నాను. తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్కలో చెప్తాను. పొట్టలోకి ఒక మెత్తని గొట్టం వేసి ఉంటుంది, క్యాథెటర్ అంటాం. దాంట్లోంచి 2 లీటర్ల ద్రవం ఎక్కించుకుని, 4 నుంచి 6 గంటలు లోపల ఉంచి, దించేసి, మళ్లీ కొత్తది ఎక్కించుకోవాలి, రోజుకి 4 సార్లు. ఒక్కో మార్పుకి 30, 40 నిమిషాలు పడుతుంది, దీన్నే ఎక్స్ఛేంజ్ అంటాం.

ఇంతకుముందు ఒకసారి సైక్లర్ మెషీన్ పట్టుకుని 3 రాత్రుల ట్రిప్ వెళ్లాను. ఈసారి మెషీన్ ఇంట్లో వదిలేసి చేత్తో పెట్టుకునే బ్యాగులతో వెళ్లాను. రెండుసార్లూ చింటు ఉన్నాడు. కాబట్టి ఇది ఆ రెండు పద్ధతుల రివ్యూ, దాంతోపాటు నేను కొన్న చిన్నచిన్న వస్తువుల రివ్యూ కూడా. నా తీర్పు ముందే చెప్పేస్తున్నాను: కుక్క వెంట ఉంటే నా ఓటు చేతి బ్యాగులకే. కానీ మూడో మనిషి లేకుండా, అంటే నువ్వు, కుక్క కాకుండా ఆ 40 నిమిషాలు కుక్కని పట్టుకునే ఇంకొకరు లేకుండా ఈ ప్రయాణం పెట్టుకోకండి. ఎందుకో చెప్తాను.

మొదట మెషీన్ సంగతి. సైక్లర్ రాత్రంతా, నాకైతే 9 గంటలు, నిద్రలోనే ఎక్కించడం దించడం అంతా చేసేస్తుంది. పగలు ఖాళీ. వినడానికి ప్రయాణానికి ఇదే బెస్ట్ కదా, నేనూ అలాగే అనుకున్నాను. ఇంట్లో చింటు పక్క గదిలో పడుకుంటాడు, ఇబ్బంది లేదు. కొత్త చోట, కొత్త వాసనల మధ్య, నేను తలుపేసుకుంటే వాడు ఉండలేకపోయాడు. అర్ధరాత్రి దాకా తలుపు గోకుతూ ఏడ్చాడు. నేనేమో గొట్టంతో మెషీన్‌కి కట్టేసి ఉన్నాను, లేచి వెళ్లి ఒకసారి తల నిమిరి రావడానికి కూడా లేదు. తమ్ముడు వాణ్ణి తీసుకుని బయట కూర్చున్నాడు, పొద్దున్నే మళ్లీ వాడే డ్రైవింగ్ చెయ్యాలి. రెండో రాత్రి కరెంటు పోయింది. మూడో రాత్రి డ్రెయిన్ సరిగా రావట్లేదని అలారం మీద అలారం. తర్వాత నర్సమ్మ చెప్తే తెలిసింది, కారులో గంటల తరబడి కూర్చుని, నీళ్లు తక్కువ తాగి మలబద్ధకం పట్టింది నాకు, పేగులు బిగుసుకుంటే లోపల క్యాథెటర్‌ని నొక్కేస్తాయి, దాంతో ద్రవం దిగదు. ప్రయాణంలో మోషన్ ఫ్రీగా అవ్వడం అనేది పీడీ వాళ్లకి సిగ్గుపడే విషయం కాదు, మందు ముందే డాక్టర్‌ని అడిగి సంచిలో పెట్టుకోండి.

మెషీన్ చెడ్డదని నేను అనట్లేదు. కొందరి పొట్ట లోపలి పొర, అంటే పెరిటోనియం, ద్రవంలోని చక్కెరని చాలా త్వరగా పీల్చేస్తుంది, వాళ్లకి తక్కువ తక్కువ సేపు ఎక్కువసార్లు మార్చాలి, అది చేత్తో కుదరదు, సైక్లరే కావాలి. ఎవరి పొర ఎలాంటిదో పీఈటీ అనే టెస్ట్‌లో తెలుస్తుంది. నాది మధ్యస్థం అని వచ్చింది కాబట్టే డాక్టర్ గారు ఈ 9 రోజులకి చేతి పద్ధతికి ఒప్పుకున్నారు. మీరు సొంతంగా మార్చేసుకోవద్దు, దయచేసి.

ఇప్పుడు బ్యాగులు. ఇదిగో, ఇది ట్విన్ బ్యాగ్. పైన నిండుది, కింద ఖాళీది, మధ్యలో వై ఆకారంలో గొట్టం. ముందు పొట్టలోది కింది బ్యాగులోకి దింపుతాం, తర్వాత కొత్త ద్రవాన్ని పొట్టలోకి కాకుండా ఒక 5 సెకన్లు నేరుగా కింది బ్యాగులోకి వదిలి గొట్టాన్ని కడిగేస్తాం, ఆ తర్వాతే లోపలికి. ఈ 5 సెకన్లు చాలా పెద్ద విషయం. కలిపేటప్పుడు గొట్టం కొసలో ఏదైనా క్రిమి చేరినా అది పొట్టలోకి పోకుండా బయటికి కొట్టుకుపోతుంది. 1976లో పోపోవిచ్, మాంక్రీఫ్ అనే ఇద్దరు ఈ పద్ధతిని మొదలుపెట్టినప్పుడు గాజు సీసాలే వాడారట, ఇన్ఫెక్షన్లు విపరీతంగా వచ్చేవట. మడత పెట్టి సంచిలో వేసుకునే ప్లాస్టిక్ బ్యాగ్, ఈ వై గొట్టం తర్వాత వచ్చాయి. కారు డిక్కీ తెరిచి ఈ బ్యాగులు చూసినప్పుడల్లా నాకు ఆ సీసాలే గుర్తొచ్చేవి. వాటితో ఎవరు ప్రయాణం చెయ్యగలరు?

బరువు మాత్రం బరువే. రోజుకి 4 చొప్పున 9 రోజులకి 36 బ్యాగులు, ద్రవమే 72 కేజీలు. పైన కుక్క, కుక్క సామాను. అందుకని 5 రోజులకి సరిపడా 20, అదనంగా ఇంకో 4 కారులో పెట్టుకుని, మిగతావి ఐదో రోజు దిగే చోటికి ముందే పంపించమన్నాం. ఇలాంటివి నిన్న చెప్తే ఇవాళ జరగవు, వారాల ముందు చెప్పాలి. దిగగానే అక్కడికి ఫోన్ చేసి పెట్టెలు వచ్చాయా, ద్రవంలో చక్కెర శాతం మనదేనా, 1.5 అడిగితే 2.5 రాలేదు కదా అని కనుక్కోండి. బ్యాగులు మోసే పని నాది కాదు, తమ్ముడిదే. పొట్టలో 2 లీటర్లు పెట్టుకుని బరువులు ఎత్తితే హెర్నియా రావచ్చు.

ఇక్కడొక మాట. ఎండలో ఆపిన కారులో గంటలో లోపలి వేడి సుమారు 22 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది, అందులోనూ ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే, అద్దం కాస్త దించి పెట్టినా పెద్ద తేడా ఉండదు. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, వగర్చడమే దాని ఏసీ. అందుకే చింటుని ఒక్క నిమిషం కూడా కారులో ఒంటరిగా వదలలేదు. బ్యాగులకీ అదే రూలు పెట్టాం. డయాలసిస్ ద్రవానికి లేబుల్ మీద ఒక ఉష్ణోగ్రత రాసి ఉంటుంది, దాన్ని దాటనివ్వకూడదు, గడ్డకట్టనివ్వకూడదు. రాత్రి దిగితే చింటు, బ్యాగులు, అన్నీ గదిలోకే.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఏంటంటే టైం కలిసిరావడం. కుక్కని రెండు మూడు గంటలకోసారి దింపి నడిపించాలి, నీళ్లు పట్టాలి. నాకు నాలుగైదు గంటలకోసారి బ్యాగ్ మార్చాలి. అంటే వాడి రెండో ఆగుడు నా ఎక్స్ఛేంజ్. నేను లోపల ఉన్నంతసేపు తమ్ముడు వాణ్ణి తిప్పుకొస్తాడు, నేను పూర్తి చేసేసరికి వాడి తిరుగుడు కూడా పూర్తవుతుంది. సైక్లర్ ట్రిప్‌లో వాణ్ణి రాత్రంతా దూరం పెట్టాల్సి వచ్చింది, ఇక్కడ 40 నిమిషాలు దూరం పెడితే చాలు, తర్వాత నా కాళ్ల మీదే పడుకుంటాడు.

కానీ ఆ 40 నిమిషాలు మాత్రం కచ్చితంగా దూరంగానే ఉండాలి. గారాబం లేదు. కుక్కలు, పిల్లుల నోట్లో పాశ్చురెల్లా అనే బ్యాక్టీరియా ఉంటుంది, వాటికి ఏమీ చెయ్యదు, మన పొట్టలోకి వెళ్తే పెరిటోనైటిస్, అంటే ఆ లోపలి పొరకి ఇన్ఫెక్షన్. ఎక్కువ కేసులు పిల్లులు గొట్టం కొరికినప్పుడు వచ్చినవే, అలాగని కుక్కకి మినహాయింపు లేదు. వెంట్రుకలు, దుమ్ము సరేసరి. ఎక్స్ఛేంజ్‌కి ముందు చొక్కా మార్చుకుంటాను, తలుపులు, కిటికీలు మూస్తాను, ఫ్యాన్, ఏసీ ఆపేస్తాను, మాస్క్, చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా తుడుచుకుని, అప్పుడు శానిటైజర్. కారులో కూడా 3 సార్లు చేశాను. చెట్టు నీడలో ఆపి, ఇంజన్ ఆపి, అద్దాలన్నీ ఎక్కించి. కిటికీ పైన పట్టుకునే హ్యాండిల్‌కి ఎస్ ఆకారం కొక్కెంతో బ్యాగ్ వేలాడదీస్తే, కింది బ్యాగ్ కాళ్ల దగ్గర. పని అవుతుంది, కాకపోతే ఎత్తు తేడా తక్కువ కాబట్టి నెమ్మదిగా దిగుతుంది, ఉక్కపోత. పైగా ఆ సీటు నిండా చింటు వెంట్రుకలే ఉంటాయి. అందుకే ముందు సీటుకి ఉతికిన దుప్పటి వేరే కవర్‌లో పెట్టుకుని, అప్పటికప్పుడు పరిచేవాళ్లం. గది దొరికితే గదే మేలు.

ఆరో రోజు జరిగింది చెప్పాలి. తలుపు గడియ సరిగా పడలేదు. తమ్ముడు ఫోన్‌లో ఉన్నాడు, చింటు తాడు వదిలించుకుని తోసుకుని వచ్చేశాడు. నేను అప్పుడే నా గొట్టం క్యాప్ తీశాను, వాడు ప్రేమగా వచ్చి ముక్కు సరిగ్గా అక్కడే పెట్టాడు. నాకు ఒళ్లు చల్లబడిపోయింది. అదృష్టం ఏంటంటే క్లాంప్, అంటే గొట్టాన్ని మూసి ఉంచే బిరడా లాంటిది, మూసే ఉంది, లోపలికి ఏమీ వెళ్లలేదు. కలపలేదు. కొత్త క్యాప్ పెట్టేశాను, ఆ బ్యాగ్ పక్కన పడేశాను, నర్సమ్మకి ఫోన్ చేశాను. దారిలో ఉన్న పీడీ సెంటర్ల పేర్లు, నంబర్లు ముందే రాసి పెట్టుకున్నాం, డాక్టర్ గారి లెటర్ ఉంది, సగం రోజు పోయింది కానీ ఒక సెంటర్‌లో ట్రాన్స్‌ఫర్ సెట్, అంటే క్యాథెటర్ బయటి ముక్క, మార్చేశారు. క్లాంప్ తెరిచి ద్రవం లోపలికి పోయి ఉంటే యాంటీబయాటిక్ కూడా వెయ్యాల్సి వచ్చేదన్నారు. తర్వాత 3 రోజులు దించిన ప్రతి బ్యాగ్‌నీ అచ్చు కాగితం మీద పెట్టి చూశాను, అక్షరాలు స్పష్టంగా కనిపిస్తే ద్రవం తేటగా ఉన్నట్టు. మబ్బుగా కనిపిస్తే, కడుపునొప్పి, జ్వరం వస్తే ఆగకుండా ఆసుపత్రికే. నాకు తేటగానే వచ్చింది. చింటు మీద కోపం రాలేదు, వాడికేం తెలుసు. గడియ చూసుకోవాల్సింది మేము.

వస్తువుల సంగతి త్వరగా. మడత పెట్టే అడ్డు గేటు, పసిపిల్లలకి వాడేది, ఇది 10కి 10. ఆరో రోజు తర్వాత కొన్నాం, ముందే కొనాల్సింది. తలుపుకి ముందు ఒకటి, తర్వాత తలుపు, అంటే రెండు అడ్డంకులు. క్యాథెటర్ బెల్ట్, మెత్తటిది, చింటు ఎగిరి ఒళ్లోకి వచ్చినప్పుడు గొట్టం లాగకుండా కాపాడింది, 9 ఇస్తాను, ఎండలో చెమట పడుతుంది కాబట్టి రెండు ఉంచుకోండి. నడుముకి కట్టుకునే కుక్క తాడు ఉంటుంది చూశారూ, చేతులు ఖాళీగా ఉంటాయని కొన్నాను, సున్నా. మీకు పొట్టలో గొట్టం ఉంటే దాన్ని అస్సలు కట్టుకోకండి, ఉడతని చూసి కుక్క ఒక్క లాగు లాగితే మొత్తం బరువు క్యాథెటర్ బయటికొచ్చే చోటే పడుతుంది. చేత్తో పట్టుకునే పొట్టి తాడు చాలు. వేడి చేసే ప్యాడ్ 8, బ్యాగ్‌ని ఒంటి వేడికి తెస్తుంది, చల్లగా ఎక్కిస్తే వణుకు, నొప్పి. మైక్రోవేవ్‌లో పెట్టకండి, ఒకచోట చల్లగా, ఒకచోట కాలేలా తయారవుతుంది. వేడినీళ్లలో ముంచకండి, తడి ఉంటే క్రిములు. చిన్న వేలాడే తక్కెడ 10. ఎక్కించింది 2000, దిగింది 2400 అయితే 400 మిల్లీలీటర్లు నీరు తీసినట్టు, అది, బీపీ, బరువు రోజూ పుస్తకంలో రాశాను, ఎందుకంటే ప్రయాణంలో బయటి తిండిలో ఉప్పు మన చేతిలో ఉండదు.

దించిన ద్రవం ఎప్పుడూ టాయిలెట్‌లోనే పోశాం, రోడ్డు పక్కన కాదు. అందులో చక్కెర ఉంటుంది, చింటు ఖాళీ బ్యాగ్ వాసన చూడ్డానికి వచ్చాడు కూడా, అందుకే ఖాళీవి రెండు కవర్లలో ముడేసి డిక్కీలో పైన పెట్టేవాళ్లం.

ఒక్కటి మాత్రం బాధనిపించింది. ఎనిమిదో రోజు ఒక ఏటి ఒడ్డున ఆగాం. చింటుకి నీళ్లంటే ప్రాణం, నాకూ అంతే, ఒకప్పుడు ఇద్దరం కలిసి దిగేవాళ్లం. ఏటి నీళ్లు, చెరువు నీళ్లు గొట్టం బయటికొచ్చే చోటికి తగలకూడదు, అందుకని నేను ఒడ్డునే కూర్చున్నాను. వాడు దిగి, ఈది, వెనక్కి చూసి, నేను రాకపోయేసరికి మళ్లీ వచ్చి నా పక్కన నిలబడి ఒళ్లు దులిపాడు. నేను వెంటనే లేచి వెనక్కి జరగాల్సి వచ్చింది, డ్రెస్సింగ్ తడవకూడదు కదా. ఆ సాయంత్రం డ్రెస్సింగ్ మార్చుకుని వాణ్ణి చాలాసేపు తువ్వాలుతో తుడుస్తూ కూర్చున్నాను.

సరే ఫ్రెండ్స్, రెండున్నర అవుతోంది, నా బ్యాగ్ టైం. చింటు గేటు అవతల అప్పుడే పడుకున్నాడు, ఇదిగో ఇక్కణ్ణుంచి తోక కనిపిస్తోంది. ఉంటాను.